నాన్నగారితో సందక్‌ఫూ: వైజాగ్ నుంచి వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

గాజువాక అమ్మాయి:

మా నాన్నగారు ఈ ఆగస్టులో స్టీల్ ప్లాంట్ నుంచి రిటైర్ అయ్యారు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఏ షిఫ్టు, ఎప్పుడు నిద్ర అన్నదే గొడవ. ఇప్పుడు కాస్త తీరిక దొరికేసరికి ఒకటే పాట: ఎవరెస్టును కళ్లారా చూడాలి. ఎక్కడం కాదు, చూస్తే చాలట. నేపాల్ బేస్ క్యాంపు దాకా వెళ్లడానికి నాకు అంత సెలవు లేదు, అమ్మకు అంత ధైర్యం లేదు. వెతగ్గా వెతగ్గా సందక్‌ఫూ దొరికింది. పశ్చిమ బెంగాల్, నేపాల్ సరిహద్దు మీద 3,636 మీటర్ల శిఖరం. ఎవరెస్టు, కాంచన్‌జంగ, లోత్సే, మకాలు నాలుగూ అక్కడి నుంచే కనిపిస్తాయంటున్నారు. నవంబరులో వెళ్దామని ఆలోచన.

నాన్నకు 60. బీపీకి రోజూ ఒక మాత్ర. కుడి మోకాలు మెట్లు దిగేటప్పుడు పట్టేస్తుంది, ఎక్కేటప్పుడు ఏమీ ఉండదు. మొన్న ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లూ నడిచారు. తొలిపావంచా దగ్గర ఇద్దరం కలిసే కొబ్బరికాయ కొట్టి బయల్దేరాం, తిరిగి వచ్చింది మాత్రం ఆయనే ముందు.

నా సందేహాలు ఇవీ. మా ఇద్దరికీ పాస్‌పోర్టు లేదు. దారి మధ్యలో నేపాల్‌లోకి వెళ్లి వస్తుందంటున్నారు, ఆపేస్తారా? రెండోది, శిఖరం దాకా జీపు వెళ్తుందట. అన్నయ్య ఏమంటాడంటే, నాన్నను జీపులో పైకి తీసుకెళ్లిపో, సరదాగా నడవాలనుకుంటే దిగేటప్పుడు నడవండి, దిగడం తేలికే కదా అని. అమ్మ కూడా అదే మాట. నాకూ సబబుగానే అనిపించింది, కానీ ఒకసారి వెళ్లొచ్చినవాళ్లను అడుగుదామని. మూడోది చలి. మేము లంబసింగిలోనే రెండు స్వెట్టర్లు వేసుకునే బాపతు. నాలుగోది, నవంబరంటే కార్తీకం. నాన్న ఆ నెలంతా నీచు ముట్టరు. అక్కడ తిండి ఎలా?

ఎంవీపీ రైడర్:

అక్కా, టెన్షన్ ఏమీ వద్దు. మేం నలుగురు ఫ్రెండ్స్ జీపులోనే వెళ్లాం. పొద్దున టిఫిన్ చేసి కొండ కింద ఊరు మానేభంజన్‌లో ఎక్కితే మధ్యాహ్నం భోజనం సందక్‌ఫూలో. రోడ్డు చాలా చోట్ల సిమెంటు వేసేశారు. పైన ఆ రాత్రి అందరికీ తలనొప్పి వచ్చింది, జీపు కుదుపులకే అనుకుంటా, మాత్ర వేసుకుని పడుకున్నాం. పొద్దున వ్యూ మాత్రం అదిరిపోయింది. పెద్దాయన్ని నడిపించడం ఎందుకు చెప్పండి?

కేకే లైన్ రిటైర్డ్:

అమ్మా, మీ అన్నయ్య చెప్పినదాన్ని తిరగేసి చేయండి. ఎక్కేటప్పుడు నడిపించండి, దిగేటప్పుడు జీపెక్కించండి.

నేను లోకో పైలట్‌గా చేసి రిటైర్ అయినవాణ్ని. సర్వీసులో ఎక్కువ భాగం కొత్తవలస, కిరండూల్ లైన్లోనే. ఇనుప ఖనిజం నింపుకున్న బండి శిమిలిగుడ దాటాక సముద్రం వైపు దాదాపు వెయ్యి మీటర్లు దిగాలి. ఆ బండిని ఎక్కించేటప్పుడు ఇంజనుకు బలం ఉంటే చాలు, దింపేటప్పుడే కళ్లలో ఒత్తులు వేసుకుని బ్రేకులు చూసుకోవాలి. మోకాళ్ల సంగతీ అంతే. ఎక్కేటప్పుడు పని గుండెదీ ఊపిరిదీ, మీ నాన్నగారికి ఆ రెండూ బాగున్నాయని గిరి ప్రదక్షిణే చెబుతోంది. దిగేటప్పుడు ఒంటి బరువంతా అడుగడుగుకూ మోకాలి మీద పడుతుంది. సందక్‌ఫూ నుంచి గుర్దుం మీదుగా శ్రీఖోలాకు అడవి దారి ఉంది. ఫొటోల్లో వెదురు పొదలు, మంచు, బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ ఒక్క రోజులో వెయ్యి మీటర్ల పైన దిగుడు. మెట్లు దిగితేనే పట్టేసే మోకాలితో ఆ దారి పట్టకండి.

ఇక జీపులో ఎక్కడం ఎందుకు వద్దంటున్నానో చెబుతాను. మన వైజాగ్ వాళ్లం సముద్రం పక్కన పుట్టి పెరిగినవాళ్లం. న్యూ జల్‌పాయ్‌గురిలో రైలు దిగేసరికి కూడా మీరు మైదానంలోనే ఉంటారు. మానేభంజన్ సుమారు 2,000 మీటర్లు. అక్కడ ఒక రాత్రి పడుకుని జీపెక్కితే మూడు నాలుగు గంటల్లో 3,636 మీటర్ల మీద దిగుతారు. అక్కడ ఒక్కో ఊపిరికీ మనకు అందే ఆక్సిజన్ ఇక్కడ బీచ్ రోడ్డులో అందేదానిలో మూడింట రెండు వంతులే. ఒంటికి అలవాటు పడే వ్యవధి ఇవ్వకుండా తీసుకెళ్లి కూర్చోబెడతాం, ఆ రాత్రి తలనొప్పి, వాంతులు, నిద్ర పట్టకపోవడం. రైడర్ బాబూ, నలుగురికీ ఒకే రాత్రి తలనొప్పి వస్తే అది కుదుపుల వల్ల కాదు నాయనా.

నడిస్తే ఈ బాధ చాలా వరకు దానంతటదే సర్దుకుంటుంది, ఎందుకంటే నడిచేవాడు ఎలాగూ దారిలో ఆగి పడుకోవాలి. మొదటి రాత్రి తుమ్లింగ్‌లో, అది 3,000కి కాస్త తక్కువ. రెండో రాత్రి కాలిపోఖ్రీలో, సుమారు 3,186. మూడో రాత్రి సందక్‌ఫూ. 3,000 దాటాక పడుకునే చోటు ఒక రాత్రికి 500 మీటర్లకు మించి పెంచొద్దని కొండల వైద్యం తెలిసినవాళ్లు చెప్పే లెక్క. పై నడక ఆ లెక్కలో చక్కగా ఇమిడిపోతుంది.

నడక కష్టం ఎక్కడెక్కడ ఉందో కూడా చెప్పేస్తాను. మానేభంజన్ ఊరు దాటగానే చిత్రే దాకా మూడు కిలోమీటర్లు నిటారుగా ఉంటుంది. చాలామంది అక్కడే "ఇంకెంత దూరం" అని మొదలుపెడతారు. చిత్రే గోంపా (బౌద్ధుల మఠం) దగ్గర టీ తాగి లేస్తే తరవాత ఎత్తు మెల్లమెల్లగా పెరుగుతుంది. రెండో రోజు గైరీబాస్‌కు దిగి మళ్లీ ఎక్కాలి, సంపాదించిన ఎత్తంతా పోగొట్టుకోవడం ప్రాణానికి విసుగు. మూడో రోజు దూరం ఆరు కిలోమీటర్లే గానీ, బిఖేభంజన్ నుంచి చివరి నాలుగు కిలోమీటర్లూ పదడుగులకోసారి ఆగాలి. ఆగండి. మాట్లాడుతూ నడవగలిగినంత వేగమే మీ వేగం. పక్కన కుర్రాళ్లు దాటిపోతే పోనివ్వండి, పైన హోటల్లో అందరూ ఒకే పప్పు తింటారు.

సరిహద్దు గురించి. తుమ్లింగ్ దగ్గర రోడ్డు పక్కన నడుం ఎత్తు కూడా లేని తెల్లటి సిమెంటు స్తంభం ఉంటుంది. ఒక పక్క ఇండియా, ఇంకో పక్క నేపాల్. కంచె లేదు, గేటు లేదు. 1950 నాటి ఒప్పందం కాలం నుంచీ రెండు దేశాల వాళ్లకూ రాకపోకలు ఇలాగే. మీరు నడిచే రోడ్డే ఒక్కోచోట గీత. టీ తాగే బల్ల నేపాల్‌లో, చెప్పులు విడిచిన చోటు ఇండియాలో. మా ఆవిడ ఫోను అక్కడ నేపాల్ నెట్‌వర్క్ పట్టుకుని ఉన్నట్టుండి పదిహేను నిమిషాలు ముందుకు వెళ్లింది. వాళ్ల టైము మనకన్నా అంత ముందు. నాలుగడుగులు వేస్తే మళ్లీ వెనక్కి. పొద్దున అలారం పెట్టుకునేటప్పుడు ఇది గుర్తుంచుకోండి, లేకపోతే సూర్యోదయానికి ముందే లేచి చలిలో వణుకుతూ నిలబడాలి.

పాస్‌పోర్టు అక్కర్లేదు. ఇద్దరూ ఓటరు కార్డులు అసలువి తీసుకెళ్లండి. ఆధార్ కూడా ఉంచుకోండి గానీ దాని మీదే ఆధారపడకండి, భారతీయులమని చూపించడానికి ఓటరు కార్డే గట్టిది. జిరాక్సులు నాలుగైదు పెట్టుకోండి. దారిలో సరిహద్దు కాపలా దళం సశస్త్ర సీమా బల్ వాళ్ల చెక్‌పోస్టులు ఉంటాయి, ఆగి రిజిస్టర్‌లో పేరు రాయాలి. గైరీబాస్‌లో ఒక జవాను నా కార్డు చూసి "విశాఖపట్నం? నేవీ?" అన్నాడు. కాదు, రైల్వే అంటే మొహం కాస్త వాడిపోయింది పాపం. నడిచేవాళ్లు మానేభంజన్‌లో గైడును తీసుకోవడం తప్పనిసరి, సింగలీలా నేషనల్ పార్కు టికెట్ కూడా కొనాలి. ఆ పనులన్నీ గైడే చేయిస్తాడు. జూన్ మధ్య నుంచి సెప్టెంబరు మధ్య దాకా పార్కు మూసేస్తారు, నవంబరుకు ఆ చిక్కు లేదు.

చలి. లంబసింగి లెక్క ఇక్కడ పనికిరాదమ్మా. నవంబరులో రాత్రి సున్నాకు దిగువకు పోతుంది, పైగా గాలి. కాలిపోఖ్రీలో కిటికీ దగ్గర పెట్టిన సీసాలో నీళ్లు పొద్దున్నకి పైన గట్టిపడి, కదిపితే లోపల గలగలమన్నాయి. ఒక లావు స్వెట్టరు కన్నా పల్చటివి మూడు ఒకదాని మీద ఒకటి, పైన గాలి దూరని జాకెట్ మేలు. ఒంటికి అంటుకునే బట్ట కాటన్ వద్దు, చెమటకు తడిసి ఆరదు. ఫోను, పవర్ బ్యాంకు రాత్రి దుప్పట్లో పెట్టుకుని పడుకోండి, చలికి ఛార్జింగ్ ఇట్టే పోతుంది. మానేభంజన్ దాటితే ఏటీఎం లేదు, వంద నోట్లు సరిపడా ఉంచుకోండి.

తిండికి దిగులు లేదు. అన్నం, పప్పు, ఆలూ కూర, ఏదో ఒక ఆకుకూర, ఇవి ప్రతిచోటా ఉంటాయి. కార్తీకం అని ముందే చెబితే గుడ్డు కూడా లేకుండా పెడతారు. ఉల్లి, వెల్లుల్లి కూడా వద్దంటే మాత్రం కష్టం. కందిపొడి, ఒక చిన్న నెయ్యి సీసా మీ సంచిలో ఉంటే మీ నాన్నగారు రాజా. తోంగ్బా అని చెక్క గ్లాసులో వేడి నీళ్లు పోసి గొట్టంతో పీల్చే సరుకు ఇస్తామంటారు. అది మన చోళ్లతోనే (రాగులతోనే) చేస్తారు, అంబలి చుట్టమే కదా అని మొదలుపెట్టకండి, పులియబెట్టిన మత్తు సరుకు అది. ఎత్తు మీద, బీపీ మాత్రతో, అసలే వద్దు.

అన్నిటికన్నా ముఖ్యం, ఎవరెస్టు గురించి మీ నాన్నగారికి ఇప్పుడే చెప్పి పెట్టండి. అక్కడ కళ్ల నిండా కనిపించేది కాంచన్‌జంగ. ఎదురుగా, పెద్దగా, తెల్లారగానే మొదట రంగు మారేది అదే. కుంభకర్ణ శిఖరం తల, కాంచన్‌జంగ పొట్ట అనుకుంటే పడుకున్న బుద్ధుడిలా ఉంటుందంటారు. కుంభకర్ణుడు తలాపిన ఉంటే ఇంక నిద్రకేం లోటు. ఎవరెస్టు కోసం ఎడమ వైపు, దూరంగా చూడాలి. అక్కడ మూడు శిఖరాలు గుంపుగా ఉంటాయి. వాటిలో పెద్దగా కనిపించేది ఎవరెస్టు కాదు, మకాలు. అది మనకు దగ్గర కాబట్టి. దాని పక్కన, కాస్త వెనగ్గా, చిన్నగా ఉన్నదే ఎవరెస్టు. మా పక్కనున్న ఒకాయన మకాలుకు దణ్ణం పెట్టుకుని, అరడజను ఫొటోలు తీసుకుని, లోపలికి వెళ్లి టీ తాగుతుంటే గైడు చెప్పాడు అది కాదని. పరుగెత్తుకొచ్చేసరికి మబ్బు కమ్మేసింది. పొద్దున ఎనిమిది దాటితే నమ్మకం లేదు. అందుకని సందక్‌ఫూలో రెండు రాత్రులు వేసుకోండి. ఒక తెల్లవారు మబ్బు పట్టినా ఇంకోటి మిగులుతుంది.

ఎంవీపీ రైడర్:

అంకుల్, మీరు చెప్పింది ఒప్పుకుంటాను గానీ అందరికీ అన్ని రోజుల సెలవు దొరకదు కదా. రోజూ ఎన్ని జీపులు పైకి వెళ్తున్నాయి, వెళ్లినవాళ్లంతా పడిపోవడం లేదుగా. జీపులోనే వెళ్లి తుమ్లింగ్‌లో దిగిపోయి, అక్కడ రెండు రాత్రులు ఉండి తరవాత పైకి వెళ్తే? చిత్రే ఎక్కుడు కూడా తప్పుతుంది.

కేకే లైన్ రిటైర్డ్:

అది మంచి మాటే. జీపు మీద నాకు పగేమీ లేదు బాబూ, ఒక్క పూటలో పైదాకా పోవడం మీదే. తుమ్లింగ్‌లో రెండు రాత్రులుండి, మధ్యలో రోజు టోంగ్లూ దాకా ఊరికే నడిచి వచ్చి, తరవాత కాలిపోఖ్రీలో ఒక రాత్రి ఆగితే నడిచినవాళ్లతో సమానమే. మోకాలు ఆ రోజుకు బాగా లేకపోతే అమ్మాయి అలాగే చేయొచ్చు.

నైట్ డ్యూటీ సిస్టర్:

నేను ఐసీయూలో నర్సుని. మాస్టారు చెప్పినదానికి రెండు ముక్కలు కలుపుతాను.

డయామాక్స్ మాత్ర గురించి ఎవరో ఒకరు మీకు చెబుతారు. ఎత్తుకు అలవాటు పడటానికి సాయం చేసే మందే. కానీ అది మూత్రం ఎక్కువ చేస్తుంది. మీ నాన్నగారి బీపీ మాత్ర కూడా అదే జాతిదైతే ఒంట్లో నీళ్లు, పొటాషియం తగ్గుతాయి. సల్ఫా మందులు పడనివాళ్లు కూడా డాక్టరుని అడక్కుండా వేసుకోకూడదు. అందుకే మెడికల్ షాపులో అడిగి కొనేయకండి, బీపీ చూసే డాక్టరు దగ్గరికే ఆ మాత్రల చీటీ పట్టుకెళ్లి, ఎంత ఎత్తుకు వెళ్తున్నారో చెప్పి అడగండి. ఈసీజీ కూడా ఒకటి తీయించండి. బీపీ మాత్ర కొండ మీద మానేయొద్దు, కొందరు ప్రయాణాల్లో మానేస్తారు.

పైన ఉన్నప్పుడు తలనొప్పి ఒక్కటే ఉంటే ఆ రోజు ఇంక పైకి వెళ్లకుండా ఆగి చూడండి. తలనొప్పితో పాటు తూలుతున్నా, మాట తడబడుతున్నా వెంటనే దిగిపోవాలి. నేల మీద గీతలాగా ఊహించుకుని మడమకు బొటనవేలు ఆనించి పదడుగులు నడవమనండి, నడవలేకపోతే అది ప్రమాదమే. కూర్చుని ఉన్నప్పుడు కూడా ఆయాసం, దగ్గు ఉన్నా అంతే. "పొద్దున చూద్దాం" అని ఆగొద్దు. ఆ రోడ్డు మీద జీపు దొరకడం ఇక్కడే అక్కరకొస్తుంది.

ఇంకోటి, మగవాళ్లు చెప్పరు. మా వార్డులోకి వచ్చే పెద్దవాళ్లంతా "నాకేం కాలేదు" అంటూనే వస్తారు. మీరే రాత్రి ఓసారి లేచి చూసుకోండి.

గాజువాక అమ్మాయి:

అందరికీ థ్యాంక్స్. నాన్నకు చదివి వినిపించాను. మకాలు సంగతి విని ఇప్పుడే గూగుల్‌లో ఫొటోలు పెట్టుకుని మూడు శిఖరాలూ గుర్తుపట్టడం మొదలుపెట్టారు. అన్నయ్య ఇంకా ఒప్పుకోలేదు, అమ్మ మాత్రం సిస్టర్ గారు రాసింది విని ఈసీజీకి అపాయింట్‌మెంట్ తీసుకుంది.

అంకుల్, మూడు చిన్న ప్రశ్నలు. వైజాగ్ నుంచి రైలు నేరుగా ఉందా? ఇప్పటి నుంచి ఎక్కడ ప్రాక్టీసు చేయాలి, బీచ్‌లో నడక సరిపోతుందా? సందక్‌ఫూ నుంచి ఫాలుత్ కూడా వెళ్లొచ్చంటున్నారు, అంత దూరం వెళ్లి వదిలేయడం ఎందుకని నాన్న.

కేకే లైన్ రిటైర్డ్:

నేరుగా ఉందమ్మా. కన్యాకుమారి నుంచి డిబ్రూగఢ్ వెళ్లే వివేక్ ఎక్స్‌ప్రెస్ మన స్టేషన్ మీదుగానే పోతుంది. న్యూ జల్‌పాయ్‌గురికి ఒక రోజు పైనే పడుతుంది, ఆలస్యానికి కూడా కాస్త చోటు ఉంచుకోండి. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు, 2024 నవంబరు నుంచి 120 రోజుల పద్ధతి పోయింది. తెరిచిన పొద్దున్నే తీసుకోండి. నాన్నగారికి లోయర్ బెర్త్ అడగడం మరిచిపోకండి. రైలు దిగాక మిరిక్ మీదుగా సుఖియాపోఖ్రీ, అక్కడి నుంచి మానేభంజన్. షేర్ జీపులు పొద్దున పూటే దొరుకుతాయి. మధ్యాహ్నం దాటి దిగితే ఆ రాత్రి సిలిగురిలో పడుకుని తెల్లారి వెళ్లడం నయం.

బీచ్‌లో నడక ఊపిరికి మంచిది, మోకాలికి దానివల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. మాధవధార వైపు నుంచి సింహాచలం కొండ మీదికి మెట్ల దారి ఉంది కదా, వారానికి రెండు సార్లు అది ఎక్కి దిగండి. దిగేటప్పుడు నెమ్మదిగా, చేతికర్రతో. ఆ కర్రే సందక్‌ఫూకు కూడా పట్టుకెళ్లండి. రోజంతా మీ వీపు మీద ఉండబోయే సంచిని, కాళ్లకు ఉండబోయే బూట్లను ఇక్కడే అలవాటు చేయండి. కొత్త బూట్లతో మానేభంజన్‌లో దిగినవాళ్లను గైడులు దూరం నుంచే గుర్తుపడతారు.

ఫాలుత్ వద్దు. సిక్కిం, బెంగాల్, నేపాల్ మూడూ కలిసే చోటు, కొండ వెన్ను మీద నడక, అందులో సందేహం లేదు. కానీ సందక్‌ఫూ నుంచి 21 కిలోమీటర్లు, దాదాపు అంతా అదే ఎత్తులో, తలదాచుకోవడానికి మధ్యలో పెద్దగా ఏమీ లేదు. మళ్లీ అక్కడి నుంచి గోర్ఖే వైపు దిగుడు, అంటే మళ్లీ ఆ మోకాలే. ఆ రెండు రోజులూ సందక్‌ఫూలోనే ఎక్కువ ఉండండి, ఎవరెస్టు కనపడే అవకాశం పెరుగుతుంది. ఆయన అడిగింది అదే కదా.

టికెట్ దొరికితే చెప్పండి. పీఎన్‌ఆర్ మాత్రం ఇక్కడ అందరి ముందూ పెట్టకండి, ఆ మధ్య ఒకరు పెట్టారు.